తాత ఎడమ కాలు

మా ఆవిడ బీరువాలో రెండు ఎర్ర బట్టలుంటాయి. ఒకటి ఆమె పెళ్ళి చీర. రెండోది నా సాటిన్ గౌను. రెండింటికీ కలరా ఉండలు సమానంగానే పెడుతుంది గానీ, చీరను ఏడాదికోసారి ఎండలో ఆరేస్తుంది, గౌనును మాత్రం ముట్టదు. కారణం అడిగితే ఒకటే జవాబు.

"అది బయటికొస్తే నువ్వు గూడ బయటికొస్తవ్."

ఆ గౌను క్రిస్మస్ తాతది. డిసెంబర్ వచ్చిందంటే మా చర్చి యూత్ ఇంటింటికీ క్యారల్స్‌కి వెళుతుంది. వాకిట్లో పాట, పాటకు డోలక్, డోలక్‌కు తగ్గట్టు గంతులేస్తూ పిల్లలకు చాక్లెట్లు పంచే ఒక తాత. ప్లాస్టిక్ మాస్కు, దూది గడ్డం, కడుపుకు కట్టుకున్న దిండు. ఈ తాత ఉద్యోగానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. నోరు విప్పకూడదు. పిల్లల ముందు మాస్కు తీయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, దరువు ఆగేదాకా కాలు ఆపకూడదు. పందొమ్మిదో ఏట మొదలుపెట్టి నలభై దాటేదాకా మా బొగ్గు ఊళ్ళో ఆ తాతను నేనే.

నిజం ఉద్యోగం గని వర్క్‌షాప్‌లో ఫిట్టర్. పగలంతా సూపర్‌వైజర్ ముందు చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. మాస్కు పెట్టుకున్నాక అదే సూపర్‌వైజర్ ఇంటికెళ్ళి, ఆయన బట్టతల మీద రెండు చేతులా తాళం వేసేవాణ్ణి. ఆయన భార్య పగలబడి నవ్వేది, ఆయనా నవ్వక తప్పేది కాదు. మాస్కుకు అంత లైసెన్సు ఉంది. కారేపల్లి నుంచి పెనుబల్లి దాకా చర్చిలవాళ్ళు "మీ తాతను ఒకసారి పంపండి" అని అడిగేవాళ్ళు. నాకు అప్పట్లో నేలకూ పాదానికీ మధ్య జానెడు ఖాళీ ఉండేదంటే నమ్మండి.

డోలక్ వాయించేది నా స్నేహితుడు. వర్క్‌షాప్‌లో నా పక్క బెంచీ. వాడికి నత్తి. మాటలో నత్తి గానీ చేతిలో లేదు. డోలక్ మెడలో పడితే వాడి వేళ్ళు గలగలా మాట్లాడేవి. నేను మాటకారిని, వాడు మౌని. అందుకే మా జోడీ కుదిరిందని అందరూ అనేవాళ్ళు. షిఫ్టు దిగి సైకిళ్ళు తోసుకుంటూ ఇంటికి పోయేటప్పుడు నేను ఇరవై మాటలంటే వాడు ఒకటనేవాడు. ఆ ఒక్కదాంట్లో నా ఇరవైకీ సరిపడా ఎకసెక్కం ఉండేది.

ఒక ఏడాది నవంబరులో, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు కడుగుతూ వాడు నాతో ఒక సంగతి చెప్పాడు. సెమీ క్రిస్మస్ నాడు అందరి ముందు వాక్యం, అంటే బైబిల్లో ఒక భాగం, చదవాలని ఉందట. డిసెంబరు మధ్యలో, అసలు పండుగకు ముందు మా చర్చిలో జరిగే పెద్ద కూడిక అది. వాడి బిడ్డ ఆ ఏడాదే సండే స్కూల్‌లో చేరింది. "మీ డాడీ ఎందుకు ఎప్పుడూ చదవడు" అని ఆ పిల్లను ఎవరో అడిగారట.

"ద... దరువు పట్టుకుంటే మాట ఆగదురా. తొడ మీద కొట్టుకుంట చదువుత. నువ్వు ముందల కూసొని కాలుతోటి దరువెయ్యి."

"గంతేనా? అయిపాయె పో" అన్నాను.

మూడు వారాలు వర్క్‌షాప్ వెనకాల తుక్కు ఇనుము పక్కన కూర్చుని నేర్చుకున్నాం. వాడు చదివేవాడు, నేను పాదంతో నేల మీద కొట్టేవాణ్ణి. గొర్రెల కాపరుల ఘట్టం. ఆ 'గ' దగ్గరే ప్రతిసారీ బండి దిగబడేది. దిగబడిన చోట నేను ఆగి, మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. మూడో వారానికి పర్వాలేదనిపించింది. ఈ సంగతి నాకూ వాడికీ తప్ప మూడో మనిషికి తెలియదు. వాడి భార్యకు కూడా చెప్పలేదు.

సెమీ క్రిస్మస్ నాడు నేను ముందు వరుసలో లేను. తాత ఎంట్రీకి టైమ్ అవుతోందని చర్చి వెనక గదిలో గడ్డం అంటించుకుంటున్నాను. బంక సరిగా పట్టలేదు, అదీ నా రాచకార్యం. కిటికీలోంచి చూశాను. వాడు ముందు వరుసలో నా కోసం వెతికాడు. దొరకలేదు. చదవడం మొదలుపెట్టాడు. 'గ' దగ్గర ఆగాడు. తొడ మీద కొట్టుకున్నాడు. ఇంకా గట్టిగా కొట్టుకున్నాడు. మైకులో ఆ చప్పుడే వినపడింది తప్ప మాట రాలేదు. చివరికి పాస్టర్ గారు వచ్చి భుజం మీద చెయ్యి వేసి మిగతాది తనే చదివారు.

ఆ తప్పు వరకైతే ఏదో ఒకలా సర్దుకునేది. నేను అక్కడ ఆగలేదు.

తర్వాతి వారం క్యారల్స్‌లో మా చర్చి సంఘ పెద్ద ఒకాయన ఇంటి ముందు జనం బాగా కూడారు. పాట మంచి ఊపు మీదుంది. నాకు కొత్త వేషం ఏదైనా వేయాలని బుద్ధి పుట్టింది. పుస్తకం తెరిచినట్టు రెండు అరచేతులు చాపాను. నోరు తెరిచాను, మూశాను, తెరిచాను. తొడ మీద టపటపా కొట్టుకున్నాను. జనం అరక్షణంలో పట్టేశారు. నవ్వులే నవ్వులు. సంఘ పెద్ద కళ్ళు తుడుచుకున్నాడు. సండే స్కూల్ పిల్లలు కూడా నవ్వారు, వాళ్ళలో వాడి బిడ్డ ఉంది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నా ఆ వేషానికి దరువేసింది కూడా వాడే. తల వంచుకుని డోలక్ మీదే చూపు పెట్టి వాయించే అలవాటు వాడిది. నవ్వులు పెద్దవయ్యాక తలెత్తి చూశాడు. ఇంకో నాలుగు దెబ్బలు చేతులు అలవాటుగా వాయించాయి. తర్వాత ఆగాయి. మెడలోంచి డోలక్ తాడు తీసి, చంకలో పెట్టుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

"నవ్వులాటకు చేసిన, దానికి గింత కోపమా?" అని మర్నాడు వర్క్‌షాప్‌లో అన్నాను. తప్పైందని అనలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది, అంత మాటకారిని, నాకు అక్కడే నత్తి వచ్చింది. వాడు ఆ వేసవికి వేరే గనికి బదిలీ పెట్టుకున్నాడు. కొన్నాళ్ళకు ఉద్యోగమే వదిలేసి, ములకలపల్లి పక్కన అడవి అంచున అత్తగారి ఊళ్ళో వ్యవసాయం పెట్టుకున్నాడని తెలిసింది. పదకొండేళ్ళు. ఇక్కడి నుంచి అక్కడికి బస్సు ఉంది, బండి ఉంది, నాకు కాళ్ళున్నాయి. వెళ్ళలేదు.

మరుసటి డిసెంబరులో కొత్త డోలక్‌తో గంతులేశాను. జనం నవ్వాల్సిన చోట నవ్వలేదు. నవ్వకూడని చోట నవ్వారు. ఇంటికొచ్చాక మా ఆవిడ బజ్జీలు వేస్తూ, ఉన్నమాట అనేసింది.

"ఏందయ్యా, నీ ఎడమ కాలు ఎవలి కోసమో చూస్తున్నట్టు లేటుగ పడుతున్నది?"

చిన్నప్పుడు సైకిల్ చక్రంలో ఇరుక్కుని నా ఎడమ చీలమండ విరిగింది. అప్పటి నుంచి ఆ కాలు ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా దిగుతుంది. ఇన్నేళ్ళ డ్యాన్సులో ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదేమని బజ్జీ చేతిలో పట్టుకుని ఆలోచించాను. వేడి నూనె బొట్టు వేలి మీద పడ్డప్పుడు తెలిసింది. వాడు ప్రతి దరువులోనూ నా ఎడమ కాలు దిగేదాకా ఆగేవాడు. ఇరవై ఏళ్ళు ఆగాడు. ఆ సంగతి నాకు చెప్పలేదు, ఇంకెవరికీ చెప్పలేదు. నేనేమో వాడి మాట ఆగితే ఊరంతటికీ ఆడి చూపించాను.

గౌను బీరువాలోకి పోయింది. అడిగినవాళ్ళకు మోకాళ్ళ నొప్పులని చెప్పాను. పదేళ్ళు చెప్పేసరికి నొప్పులు నిజంగానే వచ్చాయి. దేవుడికి కూడా ఎకసెక్కమే.

ఇక మొన్నటి డిసెంబరు సంగతి. మా అమ్మాయి డిగ్రీ చదువుతూ యూత్ సెక్రటరీ వెలగబెడుతోంది. ఆదివారం ఆరాధన అయ్యాక నేను మటన్ ముక్క కొరుకుతుంటే ఎదురుగా వచ్చి కూర్చుంది. అలా వచ్చి కూర్చుందంటే పని ఉన్నట్టే.

"డాడీ, తాత చేసే అన్నకు చికెన్‌పాక్స్ వచ్చింది. రేపు అడవి దిక్కు ఊళ్ళకు పోవాలె. ఒక్క రోజుకే, ప్లీజ్. నువ్వు ఎక్కువ ఎగురకు, ఊకె చెయ్యూపు చాలు."

చెయ్యూపు చాలట! ఇరవై రెండేళ్ళు తాత పదవి చేసినవాడితో అనే మాటేనా అది? ముక్క పక్కన పెట్టి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, బాగా ఆలోచిస్తున్నట్టు నటించాను. లోపల నా పాదాలు బల్ల కింద అప్పటికే ఆడుతున్నాయి. మా ఆవిడ బల్ల కిందికి వంగి చూసింది.

"మోకాళ్ళకేమో దవాఖాన, గంతులకేమో అడవా? ముసలోడికి దసరా పండుగంటే ఇదే."

అన్నదే గానీ తాళంచెవి తెచ్చింది ఆమే. గౌను తొడిగి చూస్తే నడుము దగ్గర పట్టేసింది. దిండు కోసం వెతుకుతుంటే అమ్మాయి నా కడుపు కేసి చూసి, "దిండు అక్కర్లేదు డాడీ, ఇంట్లనే తయారైంది" అంది. తల్లీ కూతుళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఎవరి పోలికో ఆ నోరు.

అటు వైపు దారంతా అడవి, అందుకని పగటిపూటే బయల్దేరాం. ట్రాలీ ఆటోలో పది మంది యూత్, ఒక పెద్ద స్పీకరు, నేను. ఇప్పుడు డోలక్ లేదు. ఫోనులో ట్రాక్ పెడితే స్పీకరు అదే వాయించుకుంటుంది. పాల్వంచ దాటాక రోడ్డు పక్క పిల్లలు చేతులూపుతుంటే మాస్కు తీయడానికి లేకపోయింది. ఎండలో ప్లాస్టిక్ లోపల ముఖం ఉడుకుతోంది. అప్పుడు అమ్మాయి ఇళ్ళ లిస్టు చదివింది.

"లాస్ట్‌ది ములకలపల్లి అవతల. కొత్తగ మందిరం కట్టిన్రంట, పాస్టర్ గారు రమ్మన్నరు. అందరు డోలక్ అంకుల్ వాళ్ళ వాకిట్ల కూడుతరు. డాడీ, నీకు తెల్వదా ఆ అంకుల్? నా చిన్నప్పుడు మన చర్చిల డోలక్ కొట్టేటోళ్ళంట."

నాకు చెమటలు పట్టాయి, పట్టడానికి చోటున్న దగ్గరల్లా. కడుపునొప్పి అందామంటే తాత మాట్లాడకూడదు. దూకేద్దామంటే మోకాళ్ళు. చివరికి నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. మాస్కు ఉంది, గడ్డం ఉంది, కడుపు కొత్తది. పదకొండేళ్ళ కింద చూసినవాడు ఎట్లా గుర్తుపడతాడు? చాక్లెట్లు పంచి, గుట్టుగా ఎక్కి వచ్చేద్దాం.

వాకిట్లో ఊరి జనం కూడి ఉన్నారు. వాడు మంచం మీద కూర్చుని కందికాయలు వలుస్తున్నాడు. జుట్టు బాగా నెరిసింది. పాట మొదలైంది. నేను లోపలికి వస్తూనే పొట్ట మీద రెండు దెబ్బలు వేసుకుని, గిర్రున తిరిగి, ఎడమ మడమ ఎత్తి నిలబడ్డాను. నిలబడ్డాక గానీ తెలియలేదు నేనేం చేశానో. అది నా ఎంట్రీ. ప్రపంచంలో ఇంకే తాతా అలా రాడు.

వాడి చేతిలో కందికాయ ఆగింది. నా ముఖం కేసి చూడలేదు. నా ఎడమ కాలి కేసి చూశాడు. తర్వాత మళ్ళీ వలవడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే స్పీకరు చచ్చిపోయింది. పొద్దుటి నుంచి ఆరిళ్ళు తిరిగి ఛార్జింగ్ అయిపోయింది. నేను రెండు చేతులు పైకెత్తి వాకిలి నడుమ నిలబడి ఉన్నాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. వాడు గింజల గంప పక్కకు జరిపి, లేచి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. అయిపోయింది, ఇంక వాడు బయటికి రాడు అనుకున్నాను. నాకు చాలా బాధేసింది, అంత బాధ వేస్తుందని నేను అనుకోలేదు.

వాడు బయటికి వచ్చాడు, మెడలో డోలక్‌తో.

వాడి భార్య గుమ్మంలో నిలబడి మా అమ్మాయితో అంటోంది, "పదకొండేండ్లాయె బిడ్డా, దాన్ని ముట్టక. వద్దన్నా అటక మీదికి ఎక్కించిండు. ఇయ్యాల ఏం పుట్టిందో."

వాడు తాళ్ళు బిగించాడు. ఒక దెబ్బ వేసి విన్నాడు. ఇంకో బిగింపు బిగించాడు. మొదలుపెట్టాడు. ఒక నిమిషం మామూలు నడక. తర్వాత వేగం పెంచాడు. తర్వాత ఇంకా. నా ఎడమ కాలి కోసం ఒక్కచోట ఆగలేదు. కాలు దిగేసరికి దరువు దాటిపోయి ఉంటోంది. పిల్లలు నన్ను చూపిస్తూ నవ్వుతున్నారు. వాడు నన్ను గుర్తుపట్టడమే కాదు, శిక్ష కూడా రాసేశాడని నాకప్పుడు అర్థమైంది. దరువు ఆగేదాకా కాలు ఆపకూడదు. ఆ కట్టుబాటు వాడికి నాకన్నా బాగా తెలుసు.

మాస్కు ముక్కు రంధ్రాల్లోంచి వచ్చే గాలి చాలడం లేదు. దూది గడ్డం నోట్లోకి వచ్చింది. అమ్మాయి చాలు చాలు అని సైగ చేస్తోంది, నాకు చెప్తే ఏం లాభం, ఆడే చేతులు వాడివి. మోకాళ్ళు మోకాళ్ళలా లేవు. చివరికి కందికాయల కుప్ప మీద కూలబడ్డాను. జనం చప్పట్లు కొట్టారు, అది కూడా డ్యాన్సులో భాగమే అనుకుని.

దరువు ఆగింది. వాడు డోలక్ పక్కన పెట్టి, నుదురు తుడుచుకుని ఆ ఊరి పాస్టర్ గారి వైపు తిరిగాడు.

"వ... వాక్యం నేను చదువుత."

ఆయన పుస్తకం అందించారు. వాడు వెతికి తీసింది గొర్రెల కాపరుల ఘట్టమే. ఇంకొకటి తీసి ఉండొచ్చు. ఎడమ చెయ్యి తొడ మీద పెట్టుకున్నాడు. మొదటి మాట వచ్చింది, రెండోది వచ్చింది. 'గ' దగ్గర ఆగింది. ముందు కూర్చున్న పిల్లల్లో ఒకరికి నవ్వొచ్చింది. నేను మాస్కు మూతి మీద వేలు పెట్టి ఆ పిల్ల కేసి చూశాను. నోరు మూసుకుంది.

నేను కుప్ప మీద కూర్చునే పాదంతో నేల మీద కొట్టడం మొదలుపెట్టాను. మెల్లగా. వర్క్‌షాప్ వెనకాల కొట్టినట్టు. వాడు తలెత్తలేదు. దరువు అందగానే మాట సాఫీగా సాగిందని అబద్ధం చెప్పను. ఆగింది. ప్రతి రెండో మాటకూ ఆగింది. ఆగిన చోట నేనూ ఆగాను, సాగిన చోట సాగాను. పది వచనాలు చదవడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. చివరి మాట దాకా వాడే చదివాడు. మాస్కు లోపల నేను ఏడుస్తున్నాను. బయటికి మాత్రం తాత బుగ్గలు గులాబీ రంగులో నవ్వుతూనే ఉన్నాయి.

ఆ నవ్వు ముఖం పెట్టుకుని ఆ మాట చెప్పడం నాకు సాధ్యం కాలేదు. ప్రార్థన అవగానే లేచి మాస్కు పీకేశాను.

"తప్పైందిరా" అన్నాను. "అప్పుడు జేసింది తప్పు. ముందల కూసుంటనని కూసోకపోవుడు గూడ తప్పే."

ఒక చిన్నపిల్ల "అమ్మా, తాత తల ఊడింది!" అని గొల్లుమని ఏడ్చింది. మా అమ్మాయి ముఖంలో ఇరవై ప్రశ్నలు. వాడు నన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"మా... మాస్కు పెట్టుకో. పిల్లలు భయపడుతున్రు."

వాడి భార్య, "అన్నా, నువ్వా? గా పొట్టేంది?" అని నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుని, అందరికీ అరిసెలు, టీ ఇచ్చింది. వాడు టీ తాగుతున్నంతసేపూ నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను మాస్కు కింది నుంచి అరిసె తిన్నాను. రుచి తెలియలేదు.

ట్రాలీ ఎక్కే ముందు వీడ్కోలు పాట ఒకటి ఉంటుంది. పాడుతూ, ఆడుతూ బండి దాకా వెళ్ళాలి. స్పీకరు ఎట్లాగూ లేదు, ఊరికే చప్పట్లు కొట్టుకుంటూ పోదామని యూత్ పిల్లలు పాట అందుకున్నారు. వెనక డోలక్ తాడు మెడలో పడ్డ చప్పుడు వినపడింది. నేను తిరిగి చూడలేదు. మోకాళ్ళు వద్దంటున్నా చేతులు పైకెత్తాను.

మొదటి దెబ్బకు కుడి కాలు వేశాను. రెండో దెబ్బకు ఎడమ కాలు దిగాలి. అది ఎప్పటిలాగే గాలిలోనే ఉంది. దరువు దాని కోసం ఆగింది.